అరణం గొర్రెలు

పోయిన వారం మనం బీరమ్మ కాళ్ళ కడియాలు మక్తల్ షావుకారు తక్కెడలో పడ్డ చోట ఆగాం. నలభై రోజుల కింద మొగుడు జంగయ్య గోపమ్మ అనే రెండో మనిషిని ఇంటికి తెచ్చాడు. ఆ పొద్దే బీరమ్మ గడప దిగి అన్న భిక్షం ఇంటికి పోయింది. తనకు తెగతెంపులు కావాలని కురుమ కులం పెద్దలను అడిగింది. అడిగింది ఆడమనిషి గనక ఓలి తిరిగి కట్టాలన్నారు పెద్దలు. తొమ్మిదేళ్ళ కింద జంగయ్య తండ్రి పిల్లనడిగి బీరమ్మ తండ్రి చేతిలో పెట్టిన ఓలి డెబ్బై రూపాయలు. అవి నిజాం నాటి హాలీ సిక్కా. జంగయ్య ఇప్పటి రూపాయల్లో డెబ్బై కావాలన్నాడు. ఏడు సిక్కాలకు ఆరు రూపాయలన్న లెక్క గొర్లకాడి పోరగాళ్ళకు కూడా తెలుసని బీరమ్మ అరవై దగ్గర నిలబడింది. కడియాలు అమ్మి ఆ అరవై తెచ్చి కులపెద్ద బక్కయ్య చేతిలో పెట్టింది. బక్కయ్య దాన్ని జంగయ్యకు ఇచ్చాడు.

ఇక తేలవలసినవి రెండు. ఒకటి గొర్రెలు, రెండోది పుల్ల.

పెళ్ళినాడు బీరమ్మ తండ్రి అరణంగా ఐదు ఆడ గొర్రెలు ఇచ్చాడు. ఆ కులంలో అరణం గొర్రెలు, వాటి ఆడపిల్లలు, ఆ పిల్లల పిల్లలు ఆడమనిషివి. పొట్టేళ్ళు అమ్మిన సొమ్ము మొగునిది. ఇందులో ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా ఎన్ని అన్న దగ్గరే.

పుల్ల సంగతి ఇంకా చిన్నది. మొగుడు పంచాయితీ నడుమ ఒక గడ్డిపుల్ల తీసి రెండుగా విరుస్తాడు. సగం తాను ఉంచుకుని సగం పెళ్ళానికి ఇస్తాడు. అంతటితో సంసారం తెగినట్టు. కడియాలు అమ్మిన రోజే బీరమ్మ మక్తల్లో ఒక వకీలు గుమాస్తాను పట్టుకుని, కొత్త చట్టం వచ్చిందట గదా, కచేరీకి పోతే ఎట్లుంటదని అడిగింది. గుమాస్తా వేళ్ళు మడిచాడు. మహబూబ్‌నగర్‌కు బస్సు కిరాయి, వకీలు ఫీజు, కాగితాల ఖర్చు, రెండు మూడేళ్ళ వాయిదాలు.

“మీ కులంల పుల్ల ఇరిచే రివాజు ఉన్నది గదా,” అన్నాడు. “గసుంటి రివాజును చట్టం గూడ ఒప్పుకుంటది. గది చేయించుకో. మాకు పైసలు పొయ్యకు.”

పైసలు పొయ్యకు అని చెప్పినందుకు ఒక బేడ తీసుకున్నాడు.

సోమవారం పొద్దున కులం జంగయ్య గొర్లదొడ్డి ముందు కూర్చుంది. మిరుగు కార్తె దాటి వారమైంది. రెండు వానలు పడ్డాయి, దొడ్డి నేల మెత్తబడింది. గొంగళ్ళు పరిచి ఐదుగురు పెద్దలు కూర్చున్నారు. నడుమ గొంగడి మీద ఇత్తడి పళ్ళెం, అందులో బీరప్ప గుడి నుంచి తెచ్చిన బండారి. పసుపే అయినా గుడిలో ఉన్న పసుపు. దాన్ని ముట్టి అబద్ధమాడితే మంద ఉండదని నమ్మకం. అబద్ధం వచ్చే పంచాయితీకే బక్కయ్య బండారి తెప్పిస్తాడు.

“చెప్పు జంగయ్య,” అన్నాడు బక్కయ్య. “అరణం గొర్లు ఎన్ని?”

“ఐదు.”

“ఇప్పుడు?”

“ఒక్కటి లేదు. గాలికుంటు వచ్చిన ఏడాది ఐదుకు ఐదు సచ్చినయి. అయినా నాకు దయ ఉన్నది పెద్దయ్యా. మా మందలకెల్లి ఐదు ఇస్త. ఏరుకొని తీస్కపొమ్మను.”

“ఇరవై మూడు,” అన్నది బీరమ్మ.

“నిన్ను అడగలే బిడ్డా. అడిగినప్పుడు చెప్పు.”

“అడిగేదాక ఆగుత. అప్పటికి గూడ ఇరవై మూడే ఉంటయి.”

దొడ్డి గడప దగ్గర అత్త హనుమమ్మ కూర్చుని ఉంది. నోట్లో పొగాకు ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చింది.

“తొమ్మిదేండ్లల కడుపున ఒక్క కాయ కాయలే. గొర్ల పిల్లలను మాత్రం మంచిగ లెక్కవెట్టింది.”

“కొత్త కోడలు వచ్చి నలభై రోజులే అయింది అత్తా,” అన్నది బీరమ్మ. “జర నిమ్మలంగ మాట్లాడు. రేపు ఎవలి దిక్కు వేలు చూపియ్యాల్సి వస్తదో నీకేం ఎరుక.”

పెద్దల్లో ఒకాయన దగ్గినట్టు నటించి తలపాగా సర్దుకున్నాడు. జంగయ్య ఎవరినీ చూడలేదు.

గొర్రెల తగాదాకు మాటలు అక్కరలేదు, చెవులు చాలు. జంగయ్య ఇంటి గుర్తు ఎడమ చెవి కొనకు చీలిక. బీరమ్మ పుట్టింటి గుర్తు కుడి చెవి కొన దగ్గర, అంచుకు కొడవలి వంపున ఒక కోత. అరణం గొర్రె ఈనిన ఆడపిల్లకు తల్లి గుర్తే పెడతారు, అరణం ఎవరిదో ఆ ఆడమనిషే పెడుతుంది. తొమ్మిదేళ్ళు బీరమ్మ తన చేత్తో కోసింది. కాబట్టి బక్కయ్య ఇంకో మాట అడగకుండా దొడ్డి తడిక తీయించాడు. గొర్రెలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే ఒక పెద్దాయన కుడి చెవి పట్టి చూసి వదిలాడు. ఇంకొకాయన గొర్రెకొక గులకరాయి వేశాడు.

“ఎనభై ఒకటి,” అన్నాడు రాళ్ళు వేసినాయన. “కుడి చెవి కోత ఒక్కదానికి లేదు.”

జంగయ్య చేతులు చాపాడు. చూసుకోండి అన్నట్టు.

భిక్షం చెల్లెలి పక్కకు జరిగాడు. “చెల్లె, ఐదన్న వస్తున్నయి. తీస్కపోదాం. పంచాయితీ ఇంకో పూట సాగితే పెద్దమనుషుల తిండి ఖర్చు గూడ మనమీదనే పడ్తది.”

“ఐదు గొర్లతోని ఏం బతుకుత అన్నా?”

“మా ఇల్లు లేదా?”

“ఉన్నది. వదినె రొట్టెలు లెక్కవెడ్తున్నది.”

భిక్షం తల దించుకున్నాడు. ఆ మాట నిజం. ఐదు గొర్రెలంటే అన్న పొయ్యి దగ్గర ఒక మూల. ఇరవై మూడంటే ఏడాదికి రెండు కోతల ఉన్ని, సంతకు పది పొట్టేళ్ళు, తన గుడిసె, తన పొయ్యి. బీరమ్మ ఈ లెక్క నలభై రోజులుగా వేస్తూనే ఉంది.

ఆమె చెవులు చూడలేదు. మొహాలు చూసింది. కాపరికి మొహాలు తెలుస్తాయి. ఎనభై ఒక్క మొహాల్లో తన బొల్లి లేదు, తోక మొండిది లేదు, కుంటిదాని కూతురు లేదు. కోత మాయం కావడం కాదు, గొర్రెలే లేవు. ఈ వారంలో ఒక సంత నడిచింది. అమ్మేశారా అనుకుంది.

అప్పుడు ఇంట్లోంచి గోపమ్మ వచ్చింది. ఆమెకు ఇరవై ఏళ్ళుంటాయి. ఒక చేతిలో మట్టిచిప్ప, ఇంకో చేతిలో కోడి ఈక. పంచాయితీని చూసి కొంగు తల మీదికి లాక్కుని, ఎవరి పనిలో వాళ్ళున్నారు గదా అన్నట్టు గోడ వెంట ఇంటి వెనక్కి నడిచింది. ఆమె పోయిన దారిలో వేపనూనె వాసన మిగిలింది.

ఐదుగురు పెద్దలూ తలెత్తారు. ఆ వాసన తెలియని కురుమవాడు లేడు.

“ఏమ్మా,” అన్నాడు బక్కయ్య. “మందు ఎవలికి?”

గోపమ్మ ఆగింది. “పుండుగొర్లకు పెద్దయ్యా. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి పుయ్యాలె. పుయ్యకుంటే ఈగ వాల్తది.”

“గవి పంచాయితీలకు ఎందుకు,” అన్నాడు జంగయ్య. గొంతు పెరిగింది. “పుండ్లు పడ్డయి. మందల ఉంటే ఒకదానికొకటి రాసుకుంటయని ఏరు పెట్టినం.”

“ఎన్ని?”

జంగయ్య తల్లి దిక్కు చూశాడు. హనుమమ్మ పొగాకు ఉమ్మింది. జవాబు గోపమ్మ చెప్పింది.

“ఇరవై మూడు.”

బక్కయ్య లేచాడు. ఆయన వెంట కులం లేచింది. ఇంటి వెనక, ముళ్ళకంప చుట్టిన చిన్న దొడ్డిలో ఇరవై మూడు గొర్రెలు ఉన్నాయి. అన్నింటి కుడి చెవులూ కొన నుంచి రెండు వేళ్ళ మేర అడ్డంగా కోసి ఉన్నాయి. కోతల మీద పసుపు, నూనె. ఎడమ చెవులు పుట్టినప్పటివి పుట్టినట్టే ఉన్నాయి. బొల్లి బీరమ్మను చూసి కంప దాకా వచ్చింది.

ఏం జరిగిందో చెప్పనక్కర లేకపోయింది. గుర్తు చెరపడానికి గుర్తున్న చెవి కోశారు. కోసినవాళ్ళు అక్కడితో ఆగి మందలోనే వదిలితే, పుండ్లు మానాక ఎనభై ఒకటిలో ఈ ఇరవై మూడు కలిసిపోయేవి. కాని కురుమవాడు కులం ముందు అబద్ధమాడగలడు గాని, మిరుగు దాటిన తడిలో పచ్చిపుండు గొర్రెను మందలో వదలలేడు. వదిలితే మూడో రోజుకు పురుగు పడుతుంది. వాళ్ళ తాతలు అట్లా చేయలేదు, వాళ్ళ చేతులూ చేయలేదు. ఏరి, ఒక్కచోట పెట్టి, మందు పూశారు. బీరమ్మ గొర్రెలను బీరమ్మకు లెక్కపెట్టి పెట్టారు.

“రోగం వచ్చింది,” అన్నది వెనక నుంచి హనుమమ్మ. “చెవి కుళ్ళే రోగం. కొయ్యకుంటే సచ్చేటియి.”

“మంచి రోగం అత్తా,” అన్నది బీరమ్మ. “ఎడమ చెవి ముట్టలే. నీ ఎనభై ఒకటిని ముట్టలే. మా నాయిన గొర్లనే ఎతుక్కొని ఎతుక్కొని పట్టింది. దానికి గూడ ఓలి కట్టి తెచ్చుకున్నరా?”

ఈసారి పెద్దలు దగ్గు నటించలేదు. నవ్వారు. భిక్షం కూడా నవ్వాడు.

బక్కయ్య నవ్వలేదు. ఇత్తడి పళ్ళెం తెప్పించి కంప పక్కన నేల మీద పెట్టించాడు. “జంగయ్య, రోగానికే కోసినవా? బండారి ముట్టి చెప్పు. నువ్వు ముట్టి చెప్తే నేను నమ్ముత. ఐదు గొర్లు ఇచ్చి పంపిస్త.”

జంగయ్య ముందుకు వచ్చాడు. వంగాడు. వేళ్ళు పళ్ళెం అంచు దాకా పోయాయి.

“ముట్టకు,” అన్నది హనుమమ్మ.

జంగయ్య వంగినవాడు వంగినట్టే ఆగాడు.

“ముట్టకు బిడ్డా. ఎనభై ఒకటి ఉన్నయి మనకు.”

అంతకంటే తీర్పు అక్కరలేదు. బక్కయ్య మాట లాంఛనానికి పలికాడు. “ఇరవై మూడు అరణం గొర్లు బీరమ్మయి. కోసినందుకు జంగయ్య కులానికి పది రూపాయల తప్పు కట్టాలె.” పెద్దలు తలలూపారు. పళ్ళెం తెప్పించుకుని మళ్ళీ గొంగళ్ళ మీదికి వచ్చి కూర్చున్నారు. ఒకాయన చుట్ట కూడా ముట్టించాడు. ఇక పుల్ల ఒక్కటే. అది పని కాదు, మర్యాద.

“కానియ్యి జంగయ్య,” అన్నాడు బక్కయ్య. “పుల్ల తియ్యి.”

“తియ్య.”

“ఏంది?”

“గొర్లు తోల్కపొమ్మను. నేను అడ్డం రాను. పుల్ల మాత్రం ఇరువ.”

“ఓలి తీసుకున్నవు గదా.”

“అరవై తీసుకున్న. డెబ్బై నాకు రావాల్నని అప్పుడే చెప్పిన. పది తక్కువ పడ్డది. ఇప్పుడు మీరు ఇంకో పది తప్పు అంటున్నరు. నాకేం మిగిలింది?” జంగయ్య బీరమ్మ వైపు తిరిగాడు. ఉదయం నుంచి ఆమెను చూడటం అదే మొదలు. “జడ్చర్ల సంతకు తోల్కపో. దళారి మొదలు అడిగేది గొర్రెకు ఎన్ని పండ్లని గాదు. నీ మొగుడెవడని అడుగుతడు. మీ అన్న నా పేరు చెప్తడు. నా పేరు చెప్పినంక పైసలు నాకు చెప్పకుంట ఎవడియ్యడు. ఉన్ని గూడ గంతే. మంచిగ మేపు, మంచిగ ఈనించు. జీతం లేని గొర్లకాపరి దొరికింది నాకు. ఎవలికి నష్టం?”

చుట్ట ముట్టించినాయన దాన్ని నేలకు రాసి ఆర్పేశాడు. జంగయ్య చెప్పింది అబద్ధం కాదు. మొగుడున్న ఆడదాని గొర్రెను మొగుని మాట లేకుండా కొన్నవాడు సంతలో రెండోసారి కొనలేడు. పుల్ల విరగకపోతే బీరమ్మ తోలుకుపోయేది గొర్రెలను కాదు, వాటి చాకిరీని.

బక్కయ్య బండారి పళ్ళెం పక్కకు జరిపాడు.

“పుల్ల మొగోని చేతితోనే ఇరగాలె బిడ్డా. అది రివాజు. కులం అడుగుతది గాని ఆయన వేళ్ళు పట్టి ఇరిపియ్యదు. దసర ఎల్లినంక మల్ల కూసుందాం. మనసు మార్తదేమో.”

“దసర దాక నేనెవలి పెండ్లాన్ని పెద్దయ్యా?”

బక్కయ్య మిగిలిన పెద్దల దిక్కు చూశాడు.

“నేను ఒకటి అడుగుత,” అన్నది బీరమ్మ. “పోయిన సోమవారం ఓలి అరవై మీ చేతిల పెట్టింది ఎవలు? నేను. పెండ్లినాడు ఓలి మొగోని నాయిన ఇచ్చిండు, ఆడిదాని నాయిన తీసుకుండు. గది గూడ రివాజే. మరి తిరిగి ఇచ్చేనాడు ఆడిదాని చెయ్యి ఎందుకని ఎవలు అనలే. ఎంచుకొని తీసుకున్నరు. పైసలకు పనికొచ్చిన చెయ్యి పుల్లకు పనికిరాదా?”

“గట్ల ఎన్నడు జరగలే,” అన్నాడు రాళ్ళు వేసినాయన.

“గుర్తు చెరపనీకి గొర్ల చెవులు గూడ ఎన్నడు కొయ్యలే గదా, తాతా.”

ఆమె వంగి, గొంగడి పక్కన మొలిచిన గడ్డిలోంచి ఎండుపుల్ల ఒకటి తీసింది. జానెడు ఉంది. అందరికీ కనబడేట్టు రెండు చేతులతో పట్టి విరిచింది. పుల్ల విరిగిన చప్పుడు దగ్గర కూర్చున్నవాళ్ళకే వినిపించింది. కుడి చేతి సగాన్ని ముందుకు చాపింది.

“తీస్కో, జంగయ్యా.”

తొమ్మిదేళ్ళలో బీరమ్మ నోట ఆ పేరు ఎవరూ వినలేదు. ఆ ఊళ్ళో ఏ ఆడమనిషి నోటా మొగుని పేరు వినలేదు. హనుమమ్మ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. జంగయ్య రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. పుల్ల తీసుకునేవాడు లేకపోతే విరిచినదానికి విలువ లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, పెద్దలకు తెలుసు, బీరమ్మకూ తెలుసు. ఆమె చెయ్యి దించలేదు.

పెద్దల వెనకే వచ్చి గోడ పక్క నిలబడిన గోపమ్మ మట్టిచిప్ప కింద పెట్టింది. కొంగుకు నూనె చేతులు తుడుచుకుంది. వచ్చి మొగునికీ సవతికీ నడుమ నిలబడింది.

“గా సగం నాకియ్యి అక్కా.”

“నువ్వు లోపలికి నడువ్,” అన్నాడు జంగయ్య.

“పోత. గిది తీస్కొని పోత.” ఆమె బీరమ్మ చేతిలోంచి పుల్ల తీసుకుని రొంటిన దోపుకుంది. “మా నాయినకు ఏం చెప్పినవ్? పెద్దామెతోని తెగిపోయింది, నీ బిడ్డ ఒక్కతే ఇంటికి అన్నవ్. గా మాట మీద నన్నిచ్చిండు. తెగలే అని గీ పొద్దు కులం ముంగట నువ్వే అంటివి. మరి నేనెవలిని?” జంగయ్య నోరు తెరిచేలోపు ఆమె పెద్దల దిక్కు తిరిగింది. “ఆయన తీసుకోలే. ఇల్లు తీసుకున్నది పెద్దయ్యా. తెగినట్టా, తెగనట్టా, మీరే చెప్పుండ్రి.”

ఐదుగురు పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకాయన తెగినట్టే అన్నాడు. ఇంకొకాయన మొగోడు ఇరువని పుల్ల, మొగోడు ముట్టని పుల్ల, ఇదేం పుల్ల అన్నాడు. మూడో ఆయన చుట్ట మళ్ళీ ముట్టించడానికి అగ్గిపుల్ల కోసం వెతికాడు. అందరూ చివరికి బక్కయ్యను చూశారు.

బీరమ్మ వాళ్ళ కోసం ఆగలేదు. చేతిలో మిగిలిన సగం పుల్లను కొంగు చివర ముడి వేసింది. ఇంటి వెనక్కి పోయి ముళ్ళకంప లాగింది. ముళ్ళు అరచేతిలో గుచ్చుకున్నాయి. బొల్లి ముందు వచ్చింది, తర్వాత మిగిలినవి. ఇరవై మూడు మొండి చెవుల గొర్రెలు గోడ వెంట, పెద్దల గొంగళ్ళ పక్క నుంచి, జంగయ్య కాళ్ళ పక్క నుంచి బాట మీదికి పోయాయి. భిక్షం కట్టె అందుకుని వెనక నడిచాడు. వద్దనే ధైర్యం ఇప్పుడు ఆయనకు లేదు.

ఆ కులంలో తీర్పుకు కాగితం ఉండదు. పుల్ల విరిగాక కులపెద్ద బండారి చిటికెడు తీసి గాల్లో చల్లి, ఆడమనిషిని ఒక్కసారి పిలుస్తాడు. తెగితే పుట్టింటి పేరుతో పిలుస్తాడు. తెగకపోతే మొగుని పేరుతో పిలుస్తాడు. ఆ పిలుపు విన్నవాళ్ళందరూ రేపు సంతలో సాక్షులు. జడ్చర్ల దళారికి అదే కచేరీ.

బక్కయ్య గొంగడి మీది నుంచి లేచాడు. పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన వేళ్ళు ఆ పసుపు తీస్తున్నాయి, ఈ పొద్దు అవి పళ్ళెంలోనే ఆలస్యం చేశాయి. తర్వాత చెయ్యి పైకి లేచింది. పసుపు గాల్లో చెదిరింది.

“ఓ...” అని పిలిచాడు.

బాట మీద బీరమ్మ ఆగింది. గొర్రెలు ఆగలేదు. ఆమె వెనక్కి తిరగలేదు. దొడ్డి ముందు జంగయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

బక్కయ్య గొంతు సవరించుకున్నాడు.